మెసేజ్ పంపితే మష్వరా ఇచ్చినట్టేనా?



“ఫోన్‌లో వస్తోంది కదా, చూసుకోవచ్చు కదా!”

ఈసారి నా గుస్సా అంతా ఈ ఒక్క మాట మీద. వాన ఆగిపోయి పత్తి మొలకలు మాడినప్పుడల్లా, కల్లంలో ఆరబోసిన మక్కలు తడిసినప్పుడల్లా ఈ మాట వినిపిస్తుంది. అధికారి అంటాడు. టీవీలో కూర్చున్న పెద్దమనిషి అంటాడు. హైదరాబాద్‌లో నౌకరీ చేసుకుంటూ, పండగకు ఊరొచ్చి, మామూ ఖేతీ మీద రాయ్ ఇచ్చే మన భాంజాలు కూడా అంటారు. నుక్సాన్ అయిన మనిషి తల దించుకుంటాడు. చూసుకోకపోవడం తన ఖసూరే అనుకుంటాడు.

ఆ మనిషి తరఫున జవాబ్ చెప్పాలని ఇది రాస్తున్నా. మెసేజ్ వేరు, మష్వరా వేరు. మష్వరా ఇచ్చేవాడు అమానత్‌దార్ అని మన దీన్ మనకు నేర్పింది. తెలిసింది దాచకూడదు. తెలియంది తెలిసినట్టు చెప్పకూడదు. అడిగినవాడి హాలత్ ఏంటో చూసి చెప్పాలి. ఈ మూడు షర్తులు పెట్టి చిన్న రైతు ఫోన్‌కొచ్చే మౌసమ్ సలహాను తూచండి. నా దావా ఇదీ: సర్కార్ రైతుకు ఖబర్ పంపుతోంది, మష్వరా ఇవ్వడం లేదు. పైగా ఆ ఖబర్ పంపినందుకే తన జిమ్మేదారీ తీరిపోయిందని చేతులు దులుపుకుంటోంది.

సర్కార్ దగ్గరికి పోయే ముందు మన ఇంటి సంగతి ఒకటి తేల్చుకుందాం. మన బుజుర్గుల్లో కొందరు, “వాన ఎప్పుడొస్తుందో అల్లాకే తెలుసు, ఫోన్‌లో చూడటం ఈమాన్‌కు మంచిది కాదు” అంటారు. అదబ్‌తోనే అడుగుతున్నా. మస్జిద్ గోడ మీద నమాజ్ వేళల చార్ట్ ఉంది. వచ్చే ఏడాది ఏ రోజు మగ్రిబ్ ఎన్ని గంటల ఎన్ని నిమిషాలకో అందులో ఉంది. అది గైబ్ ఇల్మ్ అని ఎవరూ అనరు, లెక్క అంటారు. గాలి ఎటు వీస్తోంది, సముద్రం ఎంత వేడెక్కింది, మబ్బు ఎంత ఎత్తుంది అని కొలిచి చెప్పేది కూడా లెక్కే. సూర్యుడి లెక్కంత పక్కాగా ఉండదు, అంతే తేడా. ఒంటెను కట్టి ఆ తర్వాత తవక్కుల్ చెయ్యమన్న హదీస్ మనకు చిన్నప్పుడే చెప్పారు. ఫోన్ చూడటం ఒంటెను కట్టడమే. ఇస్తిస్ఖా నమాజ్ చదివి దువా చేద్దాం, ఆకాశంతో పాటు అంచనా కూడా చూద్దాం. రెండింటికీ ఝగడా లేదు.

ఫోన్‌లో వచ్చే సమాచారం బేకార్ అని కూడా నేను అనడం లేదు. పిడుగుల సంగతి చూడండి. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది చనిపోయారు. పొలంలో, చెట్టు కింద, మేకల వెంట ఉన్నవాళ్లకే ఎక్కువ ఖత్రా. పిడుగు హెచ్చరికల కోసం ‘దామిని’ యాప్ ఉంది. పొలానికి పోయే ప్రతి మనిషి ఫోన్‌లో అది ఉండాలి. రేపు వాన ఉందని తెలిస్తే ఈరోజు మందు కొట్టకుండా ఆగొచ్చు. ఒక స్ప్రే ఖర్చు, ఒక రోజు కూలీ మిగులుతాయి. కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో ఎస్సెమ్మెస్‌లు పంపాయి. తొందరపడకండి, జూన్ చివరి దాకా ఆగండి అన్నాయి. విన్నవాళ్లకు దిగుబడి సగటున 30 శాతం ఎక్కువ వచ్చిందని ఆ సంస్థలు ప్రకటించాయి. అక్కడ రైతులు 175 మంది. ఏ మండలం, ఏ పంట, ఏ నేల అన్నది పంపేవాళ్లకు తెలుసు. మష్వరాకు అదీ దగ్గరి దారి.

ఇక 2025 ఖరీఫ్. కేంద్ర వ్యవసాయ శాఖ కృత్రిమ మేధతో తయారైన వానల అంచనాలను 13 రాష్ట్రాల్లో దాదాపు 3.8 కోట్ల మంది రైతులకు ఎస్సెమ్మెస్‌గా పంపింది. కొందరికి నాలుగు వారాల ముందే చేరాయి. ఆ ఏడాది రుతుపవనాలు మే 24నే కేరళను తాకాయి, మామూలు తేదీ జూన్ 1 కంటే ఎనిమిది రోజులు ముందే. ఆ తర్వాత కదలకుండా వారాల తరబడి ఆగిపోయాయి. ఆ ఆగిపోవడాన్ని తమ అంచనా ముందే పట్టుకుందని సర్కార్ చెప్పింది. మాషా అల్లా, మంచి పనే. కానీ 175 మందికీ 3.8 కోట్ల మందికీ మధ్య ఏం జారిపోయిందో అడగాలి కదా.

నేను ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. అందుకేనేమో ఖేతీ మాటలు చెవిన పడితే ఆగిపోతాను. ఇంగ్లీషువాళ్లు మాన్సూన్ అనేది అరబీ ‘మౌసిమ్’ నుంచే పుట్టింది. ఖరీఫ్ అంటే అరబీలో ఆకురాలే కాలం, రబీ అంటే వసంతం. ఫసల్ బీమాలో ఫసల్ మనదే. రైతు అన్న మాటే ‘రయ్యత్’ నుంచి వచ్చింది. రయ్యత్ అంటే ఎవరి జిమ్మాలోనైనా ఉన్న జనం. కాపరిని తన మంద గురించి అడగడం జరుగుతుందని చెప్పే హదీస్‌లో ఉన్నదీ ఆ మాటే. ఇక కౌలు. అది ‘ఖౌల్’, అంటే ఇచ్చిన మాట. సర్కార్ దఫ్తర్ల నిండా మన మాటలే. కానీ ఆ కౌలు చేసే మనిషి మాత్రం ఆ దఫ్తర్‌లో ఎక్కడా లేడు.

అందుకే మొదటి సవాల్: మెసేజ్ ఎవరి ఫోన్‌కు పోతోంది?

రిజిస్టర్ అయిన నంబర్‌కు పోతుంది. మన ఊళ్లలో సర్కార్ లెక్కలో రైతుగా ఎక్కేది పట్టాదారు పాస్‌బుక్ ఉన్న మనిషి. ఆ మనిషి హైదరాబాద్‌లో ఉండొచ్చు, అమెరికాలో ఉండొచ్చు. భూమి దున్నేది ఇంకొకరు. రైతు స్వరాజ్య వేదిక 2022లో తెలంగాణలో చేసిన సర్వేలో మూడోవంతుకు పైగా రైతులు కౌలుకు చేస్తున్నవాళ్లేనని తేలింది. 2018లో మొదలైన రైతుబంధు పైసలు పట్టాదారుకే పోయాయి. ఆంధ్రలో 2019 చట్టం కౌలుదారుకు కార్డు ఇస్తానంది కానీ దానికి భూయజమాని ఒప్పుకుని దస్తఖత్ పెట్టాలి. పెడితే భూమి ఎక్కడ చేజారుతుందోనని ఆయన భయం. అడిగితే వచ్చే ఏడు భూమి ఇవ్వడేమోనని ఈయన భయం. జహీరాబాద్ నుంచి తాండూరు దాకా, కర్నూలు నుంచి కడప దాకా మన ముస్లిం కుటుంబాల్లో ఎంతమందికి సొంత భూమి ఉంది, ఎంతమంది రెండు మూడెకరాలు కౌలుకు పట్టుకుని బతుకుతున్నారు? మీ ఖాందాన్‌లోనే లెక్క వేసి చూడండి.

అదే ఇంట్లో ఇంకో సంగతి. కలుపు తీసేది, పత్తి ఏరేది, మక్కలు ఆరబోసేది అమ్మీ, చాచీ, ఖాలా, బహూ. ఫోన్ ఉండేది భాయ్‌జాన్ జేబులో. ఆయన టౌన్‌లో ఆటో నడుపుతుంటాడు. రెండు గంటల్లో వాన పడుతుందన్న ఖబర్ ఆటోలో తిరుగుతుంటుంది, మక్కలు కల్లంలో ఉంటాయి.

రెండో సవాల్: వచ్చిన ఖబర్ ఎవరికి అర్థమవుతోంది?

“రేపు జిల్లాలో అక్కడక్కడా వర్షాలు.” ఈ వాక్యం మనమంతా వందసార్లు విన్నాం. అక్కడక్కడా అంటే ఎంత? వాతావరణ శాఖ భాషలో దానికి లెక్క ఉంది. వాన కొలిచే కేంద్రాల్లో 25 శాతం వరకూ చోట్ల పడితే ‘అక్కడక్కడా’. 26 నుంచి 50 శాతం అయితే ‘కొన్నిచోట్ల’. 51 నుంచి 75 అయితే ‘చాలాచోట్ల’. ఆ పైన ‘దాదాపు అన్నిచోట్లా’. అంటే ‘అక్కడక్కడా’ అన్న రోజు కేంద్రాల్లో ముప్పావు వంతు పొడిగానే ఉండొచ్చు. ‘భారీ వర్షం’ అంటే కూడా నోటికొచ్చిన మాట కాదు. ఒక్క రోజులో 64.5 మిల్లీమీటర్లు దాటాలి. 115.6 నుంచి ‘అతి భారీ’. 204.4 దాటితే ‘అత్యంత భారీ’. ఇంత పక్కా లెక్క పెట్టుకున్నవాళ్లు ఆ లెక్కను రైతుకు ఎందుకు చెప్పరు? ‘వర్షాలు’ అన్న మాట మాత్రం చేరుతుంది, ఎంత నమ్మాలన్న ముక్క దారిలో రాలిపోతుంది. రైతు నమ్మి విత్తుతాడు. పడకపోతే, “మేము అక్కడక్కడా అనే అన్నాం” అంటారు. తెలిసింది దాచకూడదన్న షర్తు ఇక్కడ పోయింది.

పైగా అది చదవాలి. మన అబ్బాల తరంలో చాలామంది ఇంట్లో దఖ్ఖనీ మాట్లాడతారు, పొలంలో తెలుగు మాట్లాడతారు, చదవాల్సి వస్తే రెండూ రావు. కొందరికి ఉర్దూ ఒక్కటే వచ్చు. ఎస్సెమ్మెస్ ఫోన్‌లో పడుతుంది, లోన్ ఇస్తామన్న మెసేజ్‌ల కింద కప్పడిపోతుంది. గొంతుతో, మామూలు మాటల్లో చెప్పే కాల్ అయితే దాదా కూడా వింటాడు. గెలవాలనుకున్న ప్రతి పార్టీ ఎన్నికలప్పుడు మన ఫోన్లకు రికార్డు చేసిన గొంతుతో కాల్ చేస్తుంది. ఓటుకు దొరికే గొంతు వానకు ఎందుకు దొరకదు?

మూడో సవాల్: ఖబర్ తెలిసినా ఆ మనిషి ఏం చెయ్యగలడు?

ఇది అసలు సవాల్. తెలంగాణలో 250 గ్రామాల్లో ఆర్థికవేత్తలు పరిశోధన చేశారు. రుతుపవనాలు ఎప్పుడొస్తాయో రైతులకు చాలా ముందుగా చెప్పారు. తాము అనుకున్నదానికంటే మంచి ఖబర్ విన్నవాళ్లు సాగు మీద ఎక్కువ ఖర్చు పెట్టారు. చెడ్డ ఖబర్ విన్నవాళ్లు సాగుచేసే భూమి తగ్గించుకున్నారు. అంటే రైతు అంచనాను నమ్ముతాడు, అఖల్‌తో నడుచుకుంటాడు. రైతుకు చెప్పినా వినడు అనేవాళ్లకు ఇంతకంటే జవాబ్ అక్కర్లేదు.

కానీ భూమి తగ్గించుకోవడం ఎవరికి సాధ్యం? సొంత భూమి ఉన్నవాడు ఒక ఎకరం ఈ ఏడు పడావు పెట్టొచ్చు. కౌలుదారు మాట ఉగాదికే అయిపోయింది. చాలాచోట్ల పైసలు ముందే ఇచ్చేయాలి. అప్పు తెచ్చి కౌలు కట్టిన మూడెకరాలు, మే నెలలో “ఈసారి వానలు ఆలస్యం” అని మెసేజ్ వస్తే, ఖాళీగా వదిలేస్తాడా? బోరు ఉన్నవాడు వాన వారం ఆగితే ఒక తడి ఇస్తాడు. బోరు లేనివాడు ఆకాశం వైపు చూస్తాడు. మెసేజ్ ఒక్కటే, దాని ఖీమత్ ఇద్దరికీ ఒకటి కాదు. ‘అడిగినవాడి హాలత్ చూసి చెప్పాలి’ అన్న షర్తు ఇక్కడ తప్పింది.

హిసాబ్ వేద్దాం. 2025లో బీటీ పత్తి విత్తనాల ప్యాకెట్ గరిష్ఠ ధర 901 రూపాయలు. ఎకరాకు రెండు ప్యాకెట్లు వేసుకుంటే మూడెకరాలకు ఆరు, అంటే 5,406 రూపాయలు. ముందొచ్చిన వానకు విత్తి, తర్వాత ఎండకు మొలకలు పోతే మళ్లీ ఇంకో 5,406. ఇది విత్తనం ఒక్కటే. దున్నిన ట్రాక్టర్ కిరాయి, కూలీ, కౌలు, వడ్డీ వేరే. ఈ నుక్సాన్‌లో సలహా ఇచ్చినవాడి హిస్సా ఎంత? సున్నా. 2020లో తెలంగాణ ప్రధానమంత్రి ఫసల్ బీమా నుంచి బయటికొచ్చింది. ఆంధ్ర కూడా అదే ఏడు బయటికొచ్చి, 2022లో మళ్లీ చేరింది. తెలంగాణ రైతు సీజన్ల తరబడి బీమా లేకుండానే విత్తాడు. అవే ఏళ్లలో యాప్‌ల మీద ప్రకటనలకు మాత్రం కొదవ లేదు. రైతు చేతిలో ఫోన్ పెట్టి, నెత్తి మీద గొడుగు తీసేశారు.

నాలుగో సవాల్: తిరిగి అడగాలంటే ఎవరున్నారు?

ఎస్సెమ్మెస్‌కు జవాబ్ రాస్తే ఎవరికీ పోదు. మనిషి కావాలి. ఆ మనిషి ఒకప్పుడు ఉన్నాడు. 2018 నుంచి కృషి విజ్ఞాన కేంద్రాల్లో జిల్లా వ్యవసాయ వాతావరణ విభాగాలు పెట్టుకుంటూ వచ్చారు, దేశం మొత్తం మీద 199. వాటి పని మండలం స్థాయిలో, ఆ నేలకూ ఆ పంటకూ తగ్గట్టు సలహా తయారుచెయ్యడం. 2024 తొలి నెలల్లో వాటిని మూసేశారు. సమాచారం ఇక యంత్రాలే ఇస్తాయి కదా, మనుషులెందుకన్నది దాని వెనకున్న ఆలోచన. యంత్రం అంచనా ఇస్తుంది. “నాది ఎర్ర నేల, నిన్న సగం విత్తాను, మిగతా సగం ఆపనా?” అని అడిగితే జవాబ్ చెప్పాల్సింది మనిషే. మనుషుల్ని తీసేసిన ఏడాదికే కోట్ల మెసేజ్‌ల లెక్క చెప్పుకోవడం నాకు మజాక్‌లా ఉంది.

ఇక్కడ ఒక ఏతరాజ్ వస్తుంది, అది సబబైనదే. “వాతావరణానికి ఎవరూ గ్యారంటీ ఇవ్వలేరు. అంచనా తప్పినప్పుడల్లా సర్కార్ నష్టపరిహారం ఇవ్వాలంటే, అసలు అంచనాలే ఇవ్వడం మానేస్తారు” అని. నిజమే, గ్యారంటీ ఎవరూ అడగడం లేదు. పది రోజులు ‘వాన ఉంది’ అంటే అందులో ఎన్ని రోజులు పడిందో మా మండలానికి చెప్పండి అంటున్నాం. డాక్టర్ ఆపరేషన్‌కు ముందు ఖత్రా ఎంతో చెబుతాడు, ఆ తర్వాతే దస్తఖత్ పెట్టించుకుంటాడు. రైతుకు మాత్రం ఖత్రా చెప్పకుండానే దస్తఖత్ పడిపోతోంది. మొలకలు పోతే మళ్లీ విత్తుకోవడానికి విత్తనమో, బీమానో ఉండాలనడం దయ కోసం అడగడం కాదు. రిస్క్ తీసుకోమని సలహా ఇచ్చినప్పుడు అందులో ఒక హిస్సా మొయ్యడం ఇన్సాఫ్.

సర్కార్ నుంచి రావాల్సిన హక్‌లు ఇవి. దున్నే మనిషి నంబర్ జాబితాలోకి రావాలి, పాస్‌బుక్ ఉన్నా లేకపోయినా, యజమాని దస్తఖత్ ఉన్నా లేకపోయినా. ఇంట్లో పొలం పని చేసే ఆడమనిషి నంబర్ కూడా రావాలి. మెసేజ్‌తో పాటు గొంతు రావాలి, తెలుగులో, అడిగినవాళ్లకు ఉర్దూలో. జిల్లాకు ఒక సలహాదారు మనిషి తిరిగి రావాలి. కౌలుదారుకు చేరే బీమా ఉండాలి.

మనం చెయ్యగలిగినవీ ఉన్నాయి, వాటికి ఎవరి ఇజాజత్ అక్కర్లేదు.

ఒకటి, మస్జిద్ మైక్. జనాజా ఖబర్ చెబుతాం, తప్పిపోయిన పిల్లాడి ఖబర్ చెబుతాం. పిడుగుల హెచ్చరిక, భారీ వాన హెచ్చరిక కూడా చెబుదాం. ఊళ్లో ఏ మజ్హబ్ రైతైనా వింటాడు. అందులో సవాబ్ తప్ప నుక్సాన్ లేదు. ఇమామ్ సాబ్‌లకు, కమిటీ పెద్దలకు ఇది నా విన్నపం.

రెండు, ఇంట్లో చదువుకునే పిల్లలకు ఈ పని అప్పగించండి. వాతావరణ శాఖ వ్యవసాయ సలహాలు మంగళవారం, శుక్రవారం వస్తాయి. ‘మేఘదూత్’ యాప్‌లో జిల్లా వారీగా చూడొచ్చు. శుక్రవారం జుమ్మా నుంచి వచ్చాక దాదాకు, అమ్మీకి పైకి చదివి వినిపించమనండి. అర్థం కానిదాన్ని కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551లో తెలుగులోనే అడగొచ్చు. పైసా ఖర్చు లేదు.

మూడు, మన వానను మనమే కొలుద్దాం. అడుగు నుంచి అంచు దాకా ఒకే వెడల్పున్న డబ్బా ఒకటి పొలంలో, చెట్టు నీడ పడనిచోట పెట్టండి. పొద్దున్నే స్కేలు పెట్టి లోతు చూడండి. ఒక సెంటీమీటర్ నీళ్లుంటే పది మిల్లీమీటర్ల వాన. నోట్‌బుక్‌లో రాసి, నీళ్లు పారబోయండి. వానాధార పంటకు తేలిక నేలల్లో మొత్తం 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్లు పడ్డాకే విత్తమని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. మొదటి జల్లుకు ఆత్రపడి విత్తకుండా ఆపేది ఈ డబ్బానే. మెసేజ్ ఏం చెప్పింది, డబ్బాలో ఎంత పడింది అన్నది పక్కపక్కన రాస్తే, ఒక సీజన్ తర్వాత మీ చేతిలో గవాహీ ఉంటుంది.

ఆ నోట్‌బుక్ పట్టుకుని గ్రామసభకు పోండి. “ఫోన్‌లో వచ్చింది కదా” అని ఎవరైనా అంటే, ఏ తారీఖున ఏం వచ్చిందో, ఎవరి ఫోన్‌కు వచ్చిందో, ఆ రోజు పొలంలో ఎంత పడిందో చదివి వినిపించండి. కౌలుదార్ల నంబర్లు జాబితాలో ఎక్కించమని తీర్మానం రాయించండి. రాయకపోతే ఎందుకు రాయలేదో రాసిమ్మనండి.